చీపురు గీతల వాలు

మా వీధిలో ఎవరో ఇల్లు కడుతున్నారు. తడి సిమెంటు వాసన తగిలితే చాలు, నాకు సుగుణమ్మత్త గొంతు వినిపిస్తుంది. "జర ఆగు బిడ్డా, ఇంకా ఆరలే!"

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె ఇంట్లోనే కిరాయికి ఉండేవాళ్లం. మాది గుంటూరు వైపు. ఆమెది నల్లగొండ దగ్గర పల్లె, చర్చికి వెళ్లే కుటుంబం, దవాఖానలో ఆయా పని. నాకేమో పోలియో కాలు. ఆ ఇంటి ఎత్తు మెట్లు దిగాలంటే అమ్మ ఎత్తుకోవాల్సిందే. గొడవలకు బడి మూతపడింది. అమ్మ నడుం పట్టేసింది. ఇక బడి తెరిచినా నన్ను పంపరని తెలిసి, దుప్పటి ముసుగులో ఏడ్చేదాన్ని.

ఆ ఏడుపు అత్త చెవిన పడినట్టుంది. ఒక పొద్దున మెట్ల పక్కన మట్టి పోయించింది.

"వాలు కట్టిస్తున్న చెల్లె. పిల్ల తానే దిగుతది."

అమ్మ కంగారుపడిపోయింది. "మాకోసం ఎందుకండీ ఇదంతా? ఈ గొడవల్లో ఎప్పుడు వెళ్లిపోవాల్సి వస్తుందో ఏమో!"

"పోతే పోతరు. పిల్ల నన్ను చూడనీకి మళ్ల రావద్దా ఏంది?"

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మేస్త్రీ తన పనితనమంతా చూపించి వాలును నున్నగా రుద్దాడు. అమ్మ ఊరుకుంటుందా? గడపతో సమానమంటూ కడిగి, పసుపు రాసి, ముగ్గు పెట్టింది. నేను కర్ర ఊతంతో అడుగు వేశానో లేదో, సర్రున జారి కింద కూలబడ్డాను! అమ్మ లబోదిబోమంది. నాకైతే నవ్వాగలేదు.

అత్త ఆ వాలు మీద మళ్లీ సిమెంటు వేయించి, తడిగా ఉండగానే ఈనెల చీపురుతో అడ్డంగా గీతలు గీసింది. "నీ ముగ్గు జారగొడ్తది చెల్లె, నా ముగ్గు పట్టుకుంటది," అంది. అమ్మ నవ్వుతూ పక్క గోడకు పసుపు బొట్టు పెట్టి సరిపెట్టుకుంది.

బడి తెరిచిన రోజు నా అంతట నేనే దిగాను. అమ్మ పైనే నిలబడి చూసింది. ఎంత గర్వమో నాకు! మేం ఎక్కడికీ వెళ్లిపోలేదు కూడా.

ఇప్పుడు వనస్థలిపురంలో మా ఇంటి ముందు వాలు మీద గీతలు నేను గీసినవే. ఎవరు గృహప్రవేశానికి పిలిచినా ముందు వాళ్ల గుమ్మం చూస్తాను. అన్నీ మెట్లే ఉంటే మొహమాటపడను. గుంటూరు యాస పక్కనపెట్టి అడిగేస్తాను:

"నేను మళ్ల రావద్దా ఏంది?"