రాజ్యం ఆంటీ లాయరు చూపులు

మా కారిడార్‌లో ఎవరైనా కూరగాయల ట్రాలీ లాక్కుంటూ వెళ్తే చాలు, నేను ఇంట్లోంచే ఆఫీసు మీటింగులో ఉన్నా చెవులు అటే పోతాయి. గచ్చు అతుకుల మీద ఆ చక్రాలు టకటకమంటూ వస్తుంటే, ఇప్పుడు నా గుమ్మం ముందు ఆగుతాయనీ, గేటు ఊచల మధ్యలోంచి ఒక చెయ్యి కరివేపాకు కట్ట లోపలికి చాపుతుందనీ ఒక్క క్షణం అనిపిస్తుంది. ఆగవు. ఇప్పుడు ఆ ట్రాలీ కారిడార్ చివర ఫ్లాట్‌లో ఉండే చైనీస్ తాతగారిది. అయినా ఆ చప్పుడు వినగానే నాకు రాజ్యలక్ష్మి ఆంటీ గుర్తొస్తుంది. నవ్వొస్తుంది.

ఆవిడని ఎరగనివాళ్ళకి ముందు పరిచయం చెయ్యాలి. ఆంటీది తెనాలి. భర్తకి షిప్‌యార్డ్‌లో ఉద్యోగం వస్తే పెళ్ళయిన కొత్తలోనే సింగపూర్ వచ్చి, ఇక్కడే నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరైంది. నేను ఎరిగేనాటికే అంకుల్ లేరు. ఒక్కతే కూతురు లావణ్య, పెళ్ళి చేసుకుని ఊరికి ఆ చివర పుంగోల్‌లో ఉండేది. బుకిట్ బటోక్‌లో మా పక్క ఫ్లాట్ ఆంటీది. మేం కాపురం పెట్టిన కొత్తలో నేను వెదురు కర్రకి బట్టలు గుచ్చి కిటికీ బయట ఆరేస్తే, మా ఆయన చొక్కా గాలికి ఎగిరి కింద పడింది. ఆ చొక్కా పట్టుకుని తలుపు కొట్టిన మనిషి నా పేరైనా అడక్కుండా, "క్లిప్పులు పెట్టాలని మీ అమ్మ చెప్పలేదా?" అంది. ఆ తర్వాత లోపలికొచ్చి కూర్చుని, నా చేత కాఫీ పెట్టించుకుని, మాది ఒంగోలని తెలుసుకుని, "పర్లేదులే" అని సర్టిఫికెట్ ఇచ్చింది.

నాకు నోరు నేర్పింది ఆవిడే. సైన్స్ పార్క్‌లో మా మేనేజరు ప్రతి శుక్రవారం సాయంత్రం నా నెత్తిన ఏదో ఒక పని పెట్టేవాడు. నేను నవ్వుతూ సరేనని, ఇంటికొచ్చి ఆంటీ వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. ఒకరోజు ఆవిడ నా ముందు వెల్లుల్లిపాయలు పోసి, "వలుస్తూ చెప్పు. ఈ వారం నాకు కుదరదు. ఊఁ, చెప్పు," అంది. మొదట నా గొంతు నాకే వినపడలేదు. వెల్లుల్లి అయ్యేసరికి కాస్త పెగిలింది. సోమవారం నిజంగానే ఆ మాట మేనేజరుతో అంటే, ఆయన, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే "లా"తో, "ఓకే లా" అని తల కూడా ఎత్తకుండా పక్కవాళ్ళకి అప్పజెప్పాడు. ఇంత తేలికా అని బస్సులో వస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. నీకేం కావాలో నువ్వు చెప్పకపోతే ఎదుటివాళ్ళకి కలొస్తుందా అనేది ఆంటీ. ఈ మాట గుర్తుంచుకోమంటున్నాను, ఎందుకంటే చెప్పిన మనిషే దాన్ని పాటించలేదు.

ఆంటీకి డెబ్బై దాటాక, ఒకరోజు బస్సుల ఇంటర్‌చేంజ్‌లో నిలబడి ఏ బస్సెక్కాలో తెలియలేదట. ఎన్నో ఏళ్ళుగా ఎక్కుతున్న బస్సు. ఇంకొకరైతే దాచేసేవారు. ఆవిడ నర్సు కదా, మర్నాడే డాక్టరు దగ్గరికి తనే వెళ్ళింది. మతిమరుపు జబ్బు, ఇంకా మొదట్లోనే ఉందన్నాడాయన. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, చారు బాగుందని రెండోసారి పోయించుకుని, "పద్మా, మనకో లాయరు కావాలి," అంది.

ఆంటీ భయం జబ్బు గురించి కాదు. నోరు లేని పేషెంటు మంచానికి అటొకరూ ఇటొకరూ నిలబడి, అమ్మకేం కావాలో నాకు తెలుసంటే నాకు తెలుసని పిల్లలు కొట్టుకోవడం ఆవిడ వార్డులో బోలెడుసార్లు చూసింది. తనకి తెలివి తప్పిన రోజున తన తరఫున ఎవరు నిర్ణయాలు తీసుకోవాలో ముందే రాసిచ్చే పత్రం ఒకటి ఉంటుంది ఇక్కడ. అది తెలివున్నప్పుడే రాయాలి. ఆలస్యమైతే కన్నకూతురైనా కోర్టుకి వెళ్ళాల్సిందే. ఆంటీ కోరిక ఒక్కటే, ఆ ఫ్లాట్‌లోనే ఉండాలి. తెలియని చోట దిగబెడితే మతిమరుపు మనుషులు ఉన్నది కూడా పోగొట్టుకుంటారని ఆవిడకి తెలుసు. ఇక్కడైతే చేపలమ్మే ఆయన దగ్గర్నుంచి లిఫ్టు తుడిచే ఆవిడ దాకా, దారి తప్పితే చెయ్యిపట్టి ఇంటికి తీసుకొచ్చేవాళ్ళున్నారు. లావణ్యేమో ఇల్లమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమంటోంది.

నాకు తెలిసిన పద్ధతి ఫోన్‌లో వెతికి, రేటింగు చుక్కలెక్కువున్న లాయర్లని ఏరడం. ఆంటీ చూసి, బిర్యానీ హోటల్ని వెతికినట్టు వెతికావే అని తీసిపారేసింది. ఆవిడ పద్ధతి అచ్చంగా పెళ్ళిచూపుల పద్ధతి. వెళ్తాం, కూర్చుంటాం, మాట్లాడతాం, ఇంటికెళ్ళి కబురు చేస్తామని లేచొచ్చేస్తాం. అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకోవడం లేదు. దానికో కంచిపట్టు చీర, చేతిలో డబ్బానిండా జంతికలు. అడగాల్సినవి కూడా సిద్ధం చేసుకుంది. నా వయసువాళ్ళు నీ దగ్గరికి ఎంతమంది వస్తారు? నేను ఆసుపత్రిలో పడితే నువ్వొస్తావా, నన్నే రమ్మంటావా? నువ్వు సెలవులో ఉంటే ఫోనెవరెత్తుతారు? నేను మనసు మార్చుకుంటే విసుక్కుంటావా?

మొదటి కుర్రాడిది అద్దాల మేడ. బుద్ధిమంతుడే, మంచినీళ్ళిచ్చాడు, కానీ అడిగేవన్నీ నా వైపు తిరిగి అడిగాడు. ఈవిడకి పిల్లలెందరు, ఈవిడకి ఇంగ్లీషు అర్థమవుతుందా అని. నేనూ తగుదునమ్మా అని అన్నిటికీ జవాబులు చెప్పాను. లిఫ్టులో ఆంటీ నన్ను కడిగేసింది, వాడికి తెలీదు సరే, నీకేమొచ్చిందని. రెండో ఆయన నమస్కారం కూడా కాకముందే ఫ్లాట్ ఎంత చేస్తుంది, బంగారం ఎంతుంది అని మొదలుపెట్టి, రంగుల పుస్తకం ఒకటి తీసి అన్నీ కలిపి ప్యాకేజీ అన్నాడు. పిల్లని చూడకుండానే పొలాల సంగతి ఎత్తాడని ఆంటీ జంతికల డబ్బా మూత కూడా తియ్యలేదు. ఆ జంతికలు మేమిద్దరం రైల్లో కూర్చుని తినబోతే, ఇక్కడ రైల్లో తింటే జరిమానా అని మళ్ళీ ఆవిడే నా చేతిమీద కొట్టింది.

మూడో సంబంధం ఆంటీ పాత వార్డు స్నేహితురాలు చెప్పింది. మిస్ లిమ్ అని ఒకావిడ ఉందట. ఆసుపత్రిలో కుటుంబం పేచీ పడుతుంటే వాళ్ళని పలకరించి వదిలేసి, కుర్చీ మంచం పక్కకి లాక్కుని పేషెంటు చెవి దగ్గర కూర్చుంటుందట. లిటిల్ ఇండియాలో ఒక సందులో, పచారీ కొట్టు పైన ఆఫీసు. నేను ఫోన్ చేస్తే ఆవిడ అడిగినవి రెండే. మెట్లెక్కగలరా, లేకపోతే నేనే కిందికి దిగి కాఫీ కొట్లో కూర్చుంటాను. రోజులో ఆవిడకి మనసు బాగా తేటగా ఉండేది ఎప్పుడు? ఆ రెండో ప్రశ్న విని ఆంటీ నా చేతిలో ఫోన్ లాక్కుని, పొద్దున్న పది అని తనే చెప్పింది. పెట్టేశాక, ఇది కుదిరేలా ఉందంది.

లావణ్య కూడా వస్తానని పట్టుబట్టింది. నన్ను నమ్మకనా ఈ లాయర్లంతా అని దానికి ఉక్రోషం. ముగ్గురం ఒక బల్ల ముందు కూర్చున్నాం. నెరిసిన జుట్టు, చిన్న మనిషి మిస్ లిమ్. ఆంటీ ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబులు చెప్పి, తర్వాత ఆవిడ వైపే తిరిగి, "మేడమ్, మీరు ఎక్కడుండాలనుకుంటున్నారు?" అని అడిగింది. నాకు లోపల హుషారుగా ఉంది, ఇహ చూసుకోండి ఆంటీ తడాఖా అని. ఆంటీ కూతురి మొహం చూసింది. చీర కొంగు సర్దుకుంది. చూసి, సర్దుకుని, నవ్వి, "అప్ టు యూ లా," అంది. ఎవరు చూసుకోవాలంటే అప్ టు యూ. ఇల్లు ఉంచాలా అంటే నీ ఇష్టం, మీ ఇష్టం, పిల్లల ఇష్టం.

నాకు మతిపోయింది. తెనాలి నుంచి తెచ్చుకున్న మర్యాద అది, కన్నపిల్లల ముందు నాకిది కావాలని అనకూడదు. ఇన్నేళ్ళకి భాష మారింది గానీ అలవాటు మారలేదు. నేను ఉండబట్టలేక, ఆంటీకి ఫ్లాట్‌లోనే ఉండాలనుంది అని అనేశాను. లావణ్య గిర్రున నా వైపు తిరిగింది. మిస్ లిమ్ కలం కింద పెట్టి, మీ ఇద్దరూ కింద కాఫీ తాగి రండి అని చాలా మర్యాదగా మమ్మల్ని బయటికి పంపేసింది. వాళ్ళు నా పిల్లలే ఉండనివ్వండని ఆంటీ అన్నా వినలేదు. వారాలకి వారాలు తిప్పింది నేనైతే నన్ను పొమ్మంటుందేమిటని నాకు భలే కోపం వచ్చింది.

కింద కాఫీ కొట్లో లావణ్య కప్పు ముట్టుకోలేదు. "పద్మక్కా, నేను ఎవ్రీ వీక్ అడుగుతాను. అమ్మా, నీకు ఇక్కడుండాలా, నా దగ్గరుండాలా అని. ఎవ్రీ వీక్ నీ ఇష్టం అంటుంది. సో నేనే డిసైడ్ చేశాను లా. ఇంకేం చెయ్యాలి?" అంటూ కళ్ళు తుడుచుకుంది. అమ్మ కోసమని ఇంకో గదున్న ఇల్లు వెతుకుతోందట, పాపం. నా దగ్గర కూర్చుని కూతురు తన మాట వినదని వాపోయిన ఆంటీ, ఆ కూతురికి వినడానికి మాటంటూ ఏదీ ఇవ్వలేదు. నా కోపం అక్కడే చల్లారింది. దాని కాఫీ కూడా నేనే తాగేశాను.

పైకి పిలిచేసరికి ఆంటీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వెన్ను మాత్రం నిటారుగా ఉంది. ఇప్పుడు నాతో చెప్పింది మీ అమ్మాయితో చెప్పండి అంది మిస్ లిమ్. ఆంటీ కూతురి వైపు కుర్చీ తిప్పుకుని మొదలుపెట్టింది.

"లావణ్యా, నేను నా ఇంట్లోనే ఉంటానే. నా తరఫున అన్నీ నువ్వే చూడాలి, ఇంకెవరూ వద్దు. కానీ ఇల్లు అమ్మకు. నిన్ను గుర్తుపట్టలేని రోజు వచ్చాక నీ ఇష్టం, ఎక్కడికైనా తీసుకుపో. అప్పటిదాకా మాత్రం నా ఇష్టం."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా?"

"నువ్వు బాధపడతావని."

లావణ్య ఏడుస్తూనే పకపకా నవ్వేసింది. తర్వాతంతా చకచకా సాగింది. రేపెవరూ వేలెత్తి చూపకుండా, ఆంటీకి అన్నీ అర్థమవుతున్నాయని ఆవిడ డాక్టరు చేత రాయించమంది మిస్ లిమ్. ఆ డాక్టరుకి ఆంటీ తన సంగతి చెప్పడమే కాక, ఆయనకి భోజనం వేళ తప్పుతోందని క్లాసు కూడా పీకింది. పత్రాల మీద సంతకాలయ్యేదాకా మిస్ లిమ్ జంతికలు ముట్టుకోలేదు. అయ్యాక డబ్బా ఒళ్ళో పెట్టుకుని తింది.

ఆంటీ తన గదిలో, తన మంచం మీదే పోయి ఏడాది దాటింది. నాకు నోరు నేర్పిందని ముందే చెప్పాను. కానీ ఎదుటివాళ్ళు నోరు విప్పేదాకా ఆగడం ఆ రోజు మెట్లు దిగాక నేర్చుకున్నాను. మా దగ్గరే ఉంటున్న మా అత్తగారు మీ ఇష్టమమ్మా అన్నప్పుడల్లా ఇప్పుడు నేను లేచి వెళ్ళిపోను. అలాగే ఎదురుగా కూర్చుంటాను. మొన్న అలా కూర్చుంటే, పొద్దున్నే నువ్వు పెట్టే ఆ ఓట్స్ నాకు మొదట్నుంచీ పడవని బయటపెట్టింది. మిగతావి కూడా ఒక్కొక్కటే వస్తున్నాయి, నా వంట మీద నాకున్న నమ్మకం తగ్గుతోంది.

కూతుర్ని గుర్తుపట్టలేని రోజు కూడా వచ్చింది ఆంటీకి. ఒక ఆదివారం లావణ్యని గుమ్మంలో చూసి, ఎవరి కోసమమ్మా అని మర్యాదగా అడిగింది. పత్రం ప్రకారం ఇక లావణ్య ఇష్టం, ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. తీసుకెళ్తుందనే నేననుకున్నాను. అది మాత్రం పుంగోల్ ఇల్లు అద్దెకిచ్చి, మొగుణ్ణీ సామాన్లనీ వెంటేసుకుని, తను పుట్టిపెరిగిన ఆ ఫ్లాట్‌కే వచ్చేసింది. ఆ తర్వాత ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ఆంటీ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నేనెవరో తెలియకపోయినా పక్కన కూర్చోమంది. లావణ్య వంటింట్లో ఉంది. ఆంటీ నా చెవి దగ్గరికి వంగింది.

"మా ఇంట్లోకి ఒక పిల్ల వచ్చింది. మంచిపిల్ల. పొద్దున్న లేవగానే నీకేం కావాలని అడుగుతుంది."

"మీరేమంటారాంటీ?" అన్నాను.

"ఏం కావాలో చెప్తాను. చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?"