దోమలమ్మ

జబ్బుపడిన మొక్కను చూసి ముఖం వెలిగిపోయే మనిషి కావాలంటే, సోయా చిక్కుడు మీద పరిశోధన సాగే ఆ గాజుగదికి వెళ్ళాలి. నెరిసిన జడ, మోచేతుల దాకా మట్టి, నోట్లో రబ్బరు గొట్టం. అందరూ ఆవిడను దోమలమ్మ అంటారు. ఆకులను పసుపుగా మార్చే పల్లాకు తెగులును మోసుకు తిరిగే తెల్లదోమలను, జబ్బు ఆకుల మీది నుంచి ఆ గొట్టంలోకి పీల్చి, మంచి మొక్కల మీద ఉఫ్‌మని ఊదుతుంది. "మొహమాటపడకుండా భోంచెయ్యండి తల్లీ" అని చుట్టాలకు చెప్పినట్టు చెబుతుంది. పోయిన పంటలో పొలమంతా తెగులు తగిలి పసుపు రంగుకు తిరిగితే, ఒక్క మొక్క మాత్రం చెక్కుచెదరలేదు. దానికి తెగులును తట్టుకునే గుణం ఉందని ఆవిడ అంటే, "దాన్ని దోమ కుట్టి ఉండదు, అంతే" అని తోటివాళ్ళు కొట్టిపారేశారు. దాని విత్తనాలే ఇప్పుడు నడిమి కుండీల్లో మొలిచాయి. చుట్టూ ఉన్నది తెగులుకు తట్టుకోలేని పాత రకం. పాతవి జబ్బుపడాలి, కొత్తవి పడకూడదు. అప్పుడే ఆవిడ మాట నెగ్గుతుంది.

ఆ పొద్దున, నీళ్ళు పోయడానికి కొత్తగా చేరిన తాత తలవంచుకుని ఎదురొచ్చాడు. "నీళ్ళు సరిగానే పోశానమ్మా. చుట్టూ ఉన్నవన్నీ పసుపు తిరిగిపోయాయండి."

"అన్నీనా? నీ నోట్లో పంచదార పొయ్య. మరి నడిమివి?"

"అవి నవనవలాడుతున్నాయండి."

తాత చేతులు పట్టుకుని ఆవిడ గిర్రున ఒక చుట్టు తిప్పింది. ఆ ఊపులోనే ఇంకో విడత దోమలను పీల్చబోయి, నవ్వాపుకోలేకపోయింది. గొట్టం కొసకు గుడ్డ కట్టడం మరిచిపోవడంతో దోమలు తిన్నగా గొంతులోకి పోయాయి.

"అయ్యో, మీకూ ఆ తెగులు వస్తుందేమోనమ్మా" అన్నాడు తాత.

దోమలమ్మ దగ్గుతూనే కళ్ళు తుడుచుకుంది. "రేపటికి నేను పసుపు రంగుకు తిరక్కపోతే, నన్నూ విత్తనానికి దాచు తాతా."