పురుగుకు విడిచిన సందు

ఎదురింటి తలుపులకు వార్నిష్ వేస్తున్నారు. ఆ వాసన కోలారు బంగారు గనుల పక్కన ఊరిగాంలో ఉన్న మా ఇంటి కిటికీలోకి రాగానే నా చెయ్యి దానంతటదే గదిలో వేలాడే వెదురు దీపం గొడుగు మీదికి పోయింది. అల్లికల నడుమ చిటికెన వేలు పట్టేంత సందు. అది మునెమ్మ కొలత.

టేకల్ దగ్గరి పల్లెలో ఆమె చంద్రికలు అల్లేది. పట్టుపురుగులు గూడు కట్టుకోవడానికి వెదురు తడిక మీద చుట్లు చుట్లుగా నిలబెట్టే బద్దల అల్లిక అది. ప్లాస్టిక్‌వి వచ్చాక అడిగేవాళ్ళు పోయి, గోపాలప్ప అనే రైతు ఒక్కడే మిగిలాడు. "ఆయప్ప వాడినంత కాలం నేను చంద్రికల మునెమ్మనే" అనేది. బంగారం గనుల ఊళ్ళో పుట్టి పిసరంత బంగారం ఎరగని నేను, ఆ అల్లికతో దీపం గొడుగులు చేయించి పట్నంలో అమ్ముదామని వెళ్ళాను.

"పురుగు లేని చంద్రిక యాడన్నా ఉంటాదా అప్పా?" అని నవ్వింది.

"దీపానికి పురుగులు వాటంతట అవే వస్తాయిలే అమ్మా."

"నోరు బాగానే ఉండాది. చేతులెట్ల ఉండాయో చూస్తాం, కత్తి పట్టు."

సాయంత్రానికి నేను అల్లింది చూసి, "ఇది చంద్రిక కాదప్పా, అమావాస్య" అంది. గొడుగుకు సందెందుకు, దగ్గరగా అల్లమని నేనంటే ఆమె వినలేదు. "పురుగు తిరగాల గదా. ఇంగ నా వేలికి వేరే కొలత రాదు."

ఆమె కంటి ఆపరేషన్‌కు కోలారు వెళ్ళినప్పుడు, గోపాలప్ప బాగుచేయడానికి ఇచ్చిన చంద్రికలు వాకిట్లో ఉన్నాయి. మెరిస్తే సంతోషిస్తారని అన్నింటికీ వార్నిష్ పూసి, వారం ఎండబెట్టి నేనే ఇచ్చివచ్చాను. పురుగుల ఇంట్లోకి అగరుబత్తి పొగ కూడా రానివ్వరన్న సంగతి నాకు తెలియదు. ఆ మెరుపు చూసి గోపాలప్ప మొహం చిట్లించాడు. కానీ పురుగు పండి గూడు కట్టే వేళకు వచ్చింది, వేరేవి తెచ్చుకునే వ్యవధి లేదు. వాసన మన ముక్కుకు అందకుండా పోయిందే గానీ పురుగుకు పోలేదు. తెల్లారేసరికి ఒక్క గూడూ లేదు. పురుగులన్నీ చంద్రికల కింద నేల మీద రాలి ఉన్నాయి.

కంటికి పచ్చగుడ్డతో బస్సు దిగిన మునెమ్మతో గోపాలప్ప, "ఇంగ ప్లాస్టిక్‌వే తెచ్చుకుంటాలేమ్మా" అన్నాడు. ఆమె ఒక బద్దను వాసన చూసింది.

"నన్ను ఒక మాట అడగకపోతివే అప్పా."

ఆ తర్వాత రెండేళ్ళు నాకు గొడుగులు అల్లింది. బాగా అమ్ముడుపోయాయి. కానీ వాటిని ఒక్కసారీ చంద్రికలనలేదు. "నీ బుట్టలు అయినాయి, ఎత్తుకుపో" అనేది. ఆ బుట్టల్లోనూ పురుగు తిరిగే సందు మాత్రం తప్పలేదు.

పోయిన వానాకాలం ఆమె పోయింది. ఇప్పుడు నా షెడ్డులో అల్లే పిల్లలెవరూ పట్టుపురుగును చూడలేదు. వార్నిష్ డబ్బాను గడప లోపలికి రానివ్వను. సందు చూపిద్దామంటే నా చిటికెన వేలు ఆమెదానికంటే లావు. అందుకే ఆమె అల్లిన ఆఖరి గొడుగు సందులో సరిగ్గా పట్టేలా ఒక వెదురు పుల్ల చెక్కి, చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.