పైడయ్య పట్టుకున్న తాడు

1957లో నన్ను ఏలూరులో ఒక హైస్కూలుకు ఫిజికల్ డైరెక్టరుగా బదిలీ చేశారు. హోదా పేరు పెద్దదే కానీ, ఊళ్ళో అందరికీ నేను డ్రిల్లు మాస్టారినే. జిల్లా జిమ్నాస్టిక్స్ జట్టు బాధ్యత కూడా నా నెత్తినే పెట్టారు. జట్టంటే ముఖ్యంగా భీమారావు. కొల్లేటి లంక గ్రామం వాడు, సింగిల్ బార్ మీద రాష్ట్ర ఛాంపియను. రెండు స్తంభాల మధ్య బిగించిన ఇనుప కడ్డీ పట్టుకుని గిరగిరా తిరిగి, గాల్లోకి ఎగిరి, నేలమీద కదలకుండా నిలబడాలి. అడుగు తడబడితే మార్కులు తగ్గుతాయి. ఎవరైనా ముట్టుకుంటే విన్యాసం మొత్తం రద్దు.

ఛాంపియనయ్యాక ఊరూరా సన్మానాలు మొదలయ్యాయి. తాడేపల్లిగూడెంలో కొత్త సినిమా హాలుకు రిబ్బను కత్తిరించాడు, మండవల్లిలో రైసు మిల్లుకు కొబ్బరికాయ కొట్టాడు. ప్రతిచోటా చివర్లో ప్రదర్శన ఉండేది. తండ్రి లేని అతన్ని పెంచిన మేనమామ పైడయ్య వెంట ఉండేవాడు. భీమారావు కడ్డీ వదలగానే ఆయన ఒక్క ఉరుకు ఉరికి, చంకల కింద పట్టుకుని భద్రంగా నేలమీద దించేవాడు. జనం ఇద్దరికీ కలిపి చప్పట్లు కొట్టేవారు.

వద్దని చెప్పి చూశాను.

"దోనెలో తూలినోణ్ణి పక్కోడు పట్టుకోపోతే ఇంకెవరు పట్టుకుంటారండీ?" అన్నాడు పైడయ్య. కొల్లేట్లో తాటి దోనెల మీద పెరిగిన మనిషి. ఆయన చెయ్యి ఆయన్ను అడక్కుండానే ముందుకు పోయేది.

జాతీయ పోటీలకు రాష్ట్ర జట్టు ఎంపిక ఆ ఏడు ఏలూరులోనే పెట్టారు. అంతకుముందు ఎంపికలో భీమారావుకు చోటు దొరకలేదు. "ఈసారీ కాకపోతే నేనింక చేపల వలకెళ్ళిపోతానండి" అని నాతో ముందే చెప్పేశాడు. పైడయ్య ముట్టుకోనని ఒట్టు పెట్టాడు. భీమారావు కడ్డీ వదిలాడు. పైడయ్య పట్టుకున్నాడు.

ఈయనెవరని చీఫ్ జడ్జి మర్యాదగానే అడిగారు.

"మేనమామనండీ" అన్నాడు పైడయ్య.

విన్యాసం రద్దయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. భీమారావు చేతులకు సుద్దపొడి రాసుకుంటూ, మామ వైపు చూడకుండా అటు తిరిగి నిలబడ్డాడు. నా కోపం కన్నా నాకు అది చూడటమే కష్టమైంది. అదృష్టం కొద్దీ, అందరూ ఒకేలా చెయ్యాల్సిన ఈ నిర్ణీత విన్యాసానికి అప్పట్లో రెండో ప్రయత్నం ఉండేది. పైడయ్యను బయటికి పంపుదామంటే, మామ కనబడకపోతే అల్లుడు కడ్డీ ఎక్కడు.

స్తంభాలు ఒరగకుండా నాలుగు పక్కలా తాళ్ళు లాగి మేకులకు కడతాం. ఒక తాడు దగ్గరికి ఆయన్ను తీసుకెళ్ళాను.

"పైడయ్యగారూ, ఈ మేకు కదులుతోందండి. తాడు వదిలారంటే స్తంభం అబ్బాయి మీద పడుతుంది" అన్నాను.

మేకు గట్టిగానే ఉంది.

భీమారావు తిరిగాడు, ఎగిరాడు, దిగాడు. ఒళ్ళు ఒక్కసారి ముందుకు తూలింది. నేను పైడయ్య వైపు చూశాను. మడమలు మట్టిలో దిగేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, తాడును గుండెకేసి లాగుతున్నాడు. భీమారావు పాదాలు కదలలేదు.

"దిగాడాండీ?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"దిగాడండీ. జట్టులోకి వచ్చినట్టే. ఇక వదలండి."

"మరి స్తంభమో?"

ఆ నెలలోనే సన్మానం జరిగింది. వేదిక మెట్లెక్కుతున్న ఛాంపియను మోచెయ్యి పైడయ్య పట్టుకునే ఉన్నాడు. అక్కడ మార్కులు తీసేసేవాళ్ళు లేరు కాబట్టి నేనూ ఏమీ అనలేదు.

రిటైరయ్యేదాకా, ఆటగాళ్ళ బంధువులు మైదానానికొస్తే దూరంగా కూర్చోమని నేనెవరికీ చెప్పలేదు. వాళ్ళ రెండు చేతులకూ ఏదో ఒక పని అప్పగించాను.