గంపెడు పులి

మా ఫారెస్టరు చెన్నరాయప్పకు ఉన్న జబ్బు ఒక్కటే: చీటీ రాయడం. అడవిలోంచి చీమ ఒక గింజ మోసుకుపోతున్నా ఆపి, దాని తండ్రి పేరు అడిగే రకం.

హోసూరు సంతకు అడవి నుంచి దిగే దారిలో మూడు గేట్లుండేవి. నేను పై గేటు గార్డు మారియప్పను. పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో ఆయన మా మీద ఫారెస్టరుగా వచ్చిన మర్నాడే, పళ్లు తోముకుందామని కానుగ పుల్ల ఒకటి విరుచుకున్నాను.

"చీటీ యాడప్పా?" అన్నాడు వెనక నుంచి.

"దేనికి సార్?"

"నోట్లో ఉండేదానికి."

నవ్వులాట అనుకున్నాను. కాదు. పుల్ల నా నోట్లో ఉండగానే కొలిచి, 'కానుగ పుల్ల ఒకటి, జానెడు, పండ్లకు' అని రాసి చేతికిచ్చాడు. దానికి కార్బను కాపీ కూడా!

చుట్టుపక్కల పల్లెలవాళ్లు తలమీద మోసుకుపోయే ఎండు కట్టెలకు, విస్తరాకులకు, చింతపండుకు రూలు ప్రకారం చీటీయే అక్కరలేదు. ఆయన మాత్రం చీపురు గడ్డికి రాశాడు, ఉసిరికాయలకు రాశాడు. ఒకసారి తేనె కోసం పోయి, తేనెటీగలు తరిమితే ఉత్త చేతులతో పరిగెత్తుకొచ్చిన పాపన్నను ఆపి 'తేనె లేదు, వాపులు ఏడు' అని రాశాడు. ఆ చీటీ పట్టుకుని పాపన్న ఊరంతా చూపించుకున్నాడు.

కట్టుకున్న పెళ్లానికైనా మినహాయింపు లేదు. రంగమ్మ ఒకరోజు కరివేపాకు కోసుకుని గేటు దగ్గరికొచ్చింది.

"పేరు?"

"తెలీదా నీకు? రంగమ్మ."

"మొగుని పేరు?"

రంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "యాడన్నా ఆడది మొగుని పేరు చెప్తాదా? నువ్వే కదయ్యా!"

"నువ్వే అంటే చీటీ కాలమ్‌లో ఏమని రాసేది?"

"మొద్దు నాయాలు అని రాసుకో!"

చివరికి నన్ను పిలిచాడు. "మారియప్పా, ఈయమ్మ మొగుని పేరు నీకు తెలుసునా?" తెలుసన్నాను. సాక్షి సంతకం పెట్టించుకుని గానీ ఆ కరివేపాకును ఇంటికి పోనివ్వలేదు. ఆ రోజు ఆయన చారులో మాత్రం కరివేపాకు పడలేదని తర్వాత తెలిసింది.

బెంగుళూరు నుంచి వ్యానులో పిక్నిక్కుకు వచ్చేవాళ్లు ఈయన్ని చూసి బెదిరిపోయేవాళ్లు. ఏడుగురు మనుషులు, ఒక గ్రామఫోను, ఒక కుక్క దిగారొకసారి. వాగులో కాళ్లు పెట్టుకుంటామన్నారు. 'కాళ్లు పద్నాలుగు' అని రాసి, కుక్కను చూసి కొట్టేసి 'పద్దెనిమిది' చేశాడు. "కుక్క పేరేమమ్మా?" అని అడిగితే, టామీ అని చెప్పి వాళ్లలో ఒక దొరసాని నవ్వలేక కింద కూలబడింది.

అరవై దాటాక, కాగితాలన్నీ తమిళంలోనే రాయాలని ఆర్డరు వచ్చింది. చెన్నరాయప్పకు తెలుగు ఇంట్లో వచ్చింది, కన్నడం బడిలో వచ్చింది, తమిళం సంతలో వచ్చింది. సంతలో వచ్చిన భాష మాట్లాడ్డానికి బాగానే ఉంటుంది. రాయబోతేనే కొంప మునుగుతుంది.

అరవై నాలుగులో చింతపండు కాలం. పైపల్లె తిమ్మక్క గంప నెత్తిన పెట్టుకుని, పైన చెన్నరాయప్ప రాసిచ్చిన చీటీతో నా గేటు దగ్గరికి దిగింది. మొగుడు పోయిన మనిషి. ఆ పదిహేను రోజుల చింతపండే ఆమెకు ఏడాది పొడుగునా ఉప్పూ గుడ్డా. సరిగ్గా అప్పుడే కృష్ణగిరి నుంచి కొత్త రేంజరు జీపులో వచ్చి దిగాడు. తిమ్మక్క చీటీ అందుకుని పైకే చదివాడు.

"పులి. ఒక గంప. గోపురంగా."

చింతపండును తమిళంలో పుళి అంటారు. మా ఫారెస్టరు 'ళ' రాయాల్సిన చోట 'ల' రాశాడు. తమిళంలోనైనా తెలుగులోనైనా పులి పులే కదా!

"ఏమ్మా, పులి యాడ?" అన్నాడు రేంజరు.

తిమ్మక్క బెదిరి చుట్టూ చూసింది. "నేను చూళ్లేదు సామీ! ఈడికీ వచ్చిందా?"

"చీటీలో ఉండేది పులి. గంపలో ఉండేది చింతపండు. చీటీలో లేని సరుకు. గంప జీపులో పెట్టండి!"

తిమ్మక్క గంప దించి, రెండు చేతులా కౌగిలించుకుని నేలమీద కూర్చుంది. "ఇది పోతే నేనేం తిని బతికేది సామీ?" అని ఒకటే ఏడుపు.

ఇంతలో చెన్నరాయప్ప రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"పులిని గంపలో పెట్టి సంతకు పంపేదానికి నీకెవరయ్యా అధికారం ఇచ్చింది?" అని రేంజరు చీటీ ఆయన ముఖం మీద ఆడించాడు.

ఆయన చీటీ చూసి నాలుక కరుచుకున్నాడు. "తప్పే సార్. ఆ ళకు నాకు నోరు తిరుగుతుంది, చెయ్యి తిరగదు. నాకు మెమో ఇయ్యండి. గంప మాత్రం ఇడిసిపెట్టండి. తలమోపు చింతపండుకు చీటీయే అక్కర్లేదు సార్, రూలు ఉండాది."

నేను నోరెళ్లబెట్టాను. చీటీ అక్కర్లేదని చెన్నరాయప్ప నోటితో అనడమా!

"అక్కర్లేకపోతే ఎందుకయ్యా రాసినావు? ఆరేండ్లుగా ఇన్ని పుస్తకాలు సుమ్నే, ఊరకనే రాసి పారేసినావా?"

తిమ్మక్కే కళ్లు తుడుచుకుని లేచింది.

"నేను చెప్తాను సామీ. ఈయప్ప రాకముందు గంప నిండా ఎత్తుకోని దిగుతా ఉంటిమి. పై గేట్లో ఒక పిడికెడు, నడిమి గేట్లో ఒక పిడికెడు, కింది గేట్లో రెండు. సంతకు పొయ్యేతలికి గంపలో సగం గాలే. ఈయప్ప వచ్చి, గంప నిండి పైకి గోపురంగా ఉండాదని రాసియ్యబట్టినాడు. పై గేట్లో గోపురం ఉండింటే కింది గేట్లో గూడా గోపురం ఉండాల కదా? ఇంగ గంపలో ఎవురు చెయ్యి పెడతారు?"

పై గేటు అన్నప్పుడు నా వైపు చూసింది. నేను గేటు కర్రకు పురుగు పట్టిందేమోనని శ్రద్ధగా పరీక్షించాను. దాచడమెందుకు, ఆ పిడికిలి నాదే. ఆరేళ్లుగా మా ఇంట్లో చింతపండు కొనుక్కోవలసి వస్తోందన్న ఉక్రోషంతోనే, ఆయన్ని చీటీ పిచ్చోడని ఊరూరా చెప్పుకు తిరిగాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

రేంజరు చీటీ పుస్తకం తిరగేశాడు. "సరేనయ్యా, ఈమెకు రాసినావు. మరి ఈ కుక్క కాళ్లకు ఎందుకు రాసినట్ల?"

"పేదోళ్లకు మాత్రం రాస్తే ఎందుకని అడుగుతారు సార్. అందరికీ రాస్తే పిచ్చి నాయాలని ఇడిసిపెడతారు."

రేంజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, 'ల' కొట్టేసి 'ళ' దిద్ది, కింద సంతకం పెట్టాడు. పెట్టి, అలవాటు చొప్పున గంపలోకి చెయ్యి పోనిచ్చాడు.

చెన్నరాయప్ప తన అరచెయ్యి గంప మీద అడ్డం పెట్టాడు. "సార్... చీటీ?"

ఈయన ఉద్యోగం ఈ పూటతో సరి అనుకున్నాను. రేంజరు ముఖం ఎర్రబడింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

తిమ్మక్క ముఖం విప్పారింది. గుప్పెడు చింతపండు తానే తీసి రేంజరు చేతిలో పోసింది. "నేను ఇస్తాండాను, తీసుకో సామీ."

రేంజరు చెన్నరాయప్ప వైపు చూశాడు.

"ఆయమ్మ ఇస్తే నాకేం పని సార్," అని ఆయన పుస్తకం మూసేశాడు.

ఆ ధైర్యంతో నేనూ ముందుకు జరిగాను. ఆరేళ్లలో మొదటిసారి మర్యాదగా అడిగాను. "నాకూ ఒక పిడికెడు ఇస్తావా తిమ్మక్కా?"

"పిడికెడా?" అంది తిమ్మక్క గంప నెత్తికెత్తుకుంటూ. "నీ పిడికిలి నాకు తెలీదా మారియప్పా? ఒక్క కాయ తీసుకో, చాలు."