గాలి కుదురుకునే చోటు

గుమ్మఘట్ట పక్క పల్లెల్లో కొర్రలు నూర్చే రోజులొస్తే మారెక్క ఇంటిపట్టున దొరికేది కాదు. ఏ కళ్లంలో గింజ పొట్టును వదలకపోయినా ఆమెకే కబురు. పదిహేనేళ్ల వయసులో అక్కడి ఒక పల్లెకు కోడలై వచ్చి చాట పట్టింది. నేనెరిగేనాటికి అరవై దాటాయి.

రెండువేల మూడులో జయరాం కళ్లంలో ఆమె పని చూశాను. ముందటేడు వానల్లేక ఆ ఇంట్లో విత్తనాల కొర్రలు కూడా వండుకుని తినేశారు. ఈసారి ఊళ్లో అడిగి తెచ్చి చల్లినవి కాస్త పండాయి. ఇవి చేతికొస్తేనే మళ్లీ విత్తనం. చూస్తే దక్షిణాన మబ్బు లేస్తోంది.

జయరాం, భార్య ఉమాదేవి పొద్దున్నుంచీ తూర్పారబడుతున్నారు. కళ్లానికి పడమట నడుమెత్తు కంది చేను. గాలి అటునుంచే. ముందుగా గాలి తగిలేది అక్కడే కదా అని పడమటి అంచునే ఎక్కి నిలబడే పీట వేశారు. చాట వంచితే పొట్టు ఒకసారి ఎగిరేది, ఇంకోసారి తిరిగి మొహాన కొట్టేది. గింజలూ దాంతోపాటే పోయేవి. పైన గాలి ఇంకా బాగుంటుందని జయరాం పీట కింద రాళ్లు పెట్టాడు. మరీ అధ్వాన్నమైంది.

మారెక్క వచ్చీ రాగానే నవ్వింది.

"ఏమప్పా, ఆకాశంలో తూర్పెత్తుతాండావా? దిగు."

పిడికెడు పొట్టు తీసుకుని అడుగడుక్కీ వదులుతూ తూర్పుకు నడిచింది. పాదాల దగ్గర వదిలింది, మోకాలి దగ్గర వదిలింది, నడుము దగ్గర వదిలింది. ఏం చూస్తున్నావని వెంటపడి అడిగాను.

"కంది సాళ్లల్లో పడి లేసి వచ్చే గాలన్నా ఇది. అలికిన నేల తగల్తానే ముందు పాదాల కాడ కుదురుకుంటాది. ఇంకొంచెం పోతే మోకాళ్ల కాడ, ఆమైన నడుము కాడ. పైనుండే గాలికి కింద నేల మారిందని ఇంకా తెల్దు, చేన్లో మాదిరే ఎగుర్తాంటాది. ఈయప్ప సరిగ్గా ఆడికే ఎక్కినాడు!"

ఉమాదేవి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తూర్పు అంచు దాకా పోయినా గాలి నడుమెత్తు వరకే కుదురుకుంది. కళ్లం పొడవు అంతే మరి. మారెక్క పీట తీసేసి, ఆ తూర్పు అంచునే నేల మీద నిలబడి నడుము దగ్గర నుంచే చాట వంచమంది.

"నేల మీద నిలబడి ఇంత కింద నుంచి ఎత్తితే పొద్దు సాలదు మారెక్కా, వానొస్తాది" అన్నాడు జయరాం.

"కొంచెం కొంచెం వంచు. ఆత్రపడితే పొద్దున్నుంచి పడిన పాటే."

ఈసారి పొట్టు తిన్నగా తూర్పుకు సాగిపోయింది. గింజలు కాళ్ల ముందే గీత గీసినట్టు రాలాయి. ఉమాదేవి గుప్పెడు తీసి ఊది చూసింది; పొట్టు లేవలేదు.

చివరి మూట టార్పాలిన్ పట్ట కిందికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ఉమాదేవి విత్తనాల కుండ తెచ్చి మారెక్క ముందు పెట్టింది.

"మొదటి పిడికెడు నువ్వేయక్కా."

"మొగుడు పోయిందాన్ని. విత్తనానికి నా చెయ్యెందుకమ్మా?"

"ఈ గింజల్ని నిలబెట్టింది ఆ చెయ్యే కదా."

మారెక్క కుండ దగ్గరికి జరిగింది. చెయ్యి చీరకు తుడుచుకుని పిడికెడు కొర్రలు వేసింది.

"సరే, చూసింది చాలు" అని మమ్మల్ని కసిరింది. "తడుస్తాండాయి, మూత పెట్టు!"