అక్క ఎక్కనన్న కాంటా

మా ఇంట్లో నేను తింటే ఆకలి, అక్క తింటే దొంగతిండి. జూలూరుపాడులో మా అమ్మ నడిపిన న్యాయం అది. ఒకే కుండలో అన్నం తిని పెరిగాం. నేను వెదురుబొంగులా మిగిలిపోయాను. అక్క ఒళ్ళు ఏటికేడు నిండుతూ పోయింది. సకినాల డబ్బా అటకెక్కించినా ఖాళీ అవుతూనే ఉండేది. అమ్మ మొదట అక్క నడుము వైపే చూసి, ఇరుగుపొరుగు ముందే దొంగతిండి అనేసేది. రెండు పక్షాల వాదనా వినడం పత్రికలో విలేకరిగా నాకు అలవాటైన పని. ఇంట్లో వినబడేది ఒక్క పక్షానిదే.

అక్క అంగన్‌వాడీ టీచరు. నెలనెలా ఊళ్ళోని పసిపిల్లలను తూచి, బరువు తగ్గినవాళ్ళ తల్లులను మందలిస్తుంది. తన పళ్ళెంలో మాత్రం అన్నం కొలిచి పెట్టేది అమ్మే. అక్క మరీ నీరసపడుతుంటే, "నా బిడ్డ ఒళ్ళు తేలికైతే జాతరల దాని ఎత్తు బంగారమిస్త" అని వనదేవతలకు మొక్కింది కూడా. మా వైపు ఆ బంగారమంటే మనిషి బరువుకు సరిగ్గా తూచి ఇచ్చే బెల్లం. ఒళ్ళు తగ్గాలని బెల్లం మొక్కడం మా అమ్మకే చెల్లింది.

ఇద్దరినీ ఖమ్మం తీసుకెళ్ళాను. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ, థైరాయిడ్ కొంచెం తక్కువగా ఉందని మాత్రలు రాసింది. నీరసం పోతుంది గానీ బరువు కొద్దిగానే తగ్గుతుందని ముందే చెప్పింది.

"కొవ్వు ఊరికే కూసోదమ్మా. 'నిండింది, ఇంక చాలు' అని ఒక హార్మోన్‌తోని మెదడుకు కబురు పంపుతది. కొందరి మెదడు ఆ కబురు సరిగ్గ వినదు. కడుపు మాడ్చుకుంటే ఆ కబురు ఇంకా తగ్గి, ఆకలి పెరుగుతది. చాలావరకు పుట్టుకతోని వచ్చేదే."

"మరి వీడు?" అమ్మ నన్ను చూపించింది.

"ఒక్క తల్లి బిడ్డలైనా పోలికలు ఒక్కతీరు పంచుకోరు గదా."

"అయితే దానికి మేనత్త పోలికే," అంది అమ్మ క్షణమైనా ఆలోచించకుండా. మా నాన్న వైపు బతికినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ ఆ రోజు తిరుగు బస్సులో తూకానికి వచ్చారు.

మాత్రలతో అక్క నీరసం పోయింది. బరువు కొంచెం తగ్గింది; అమ్మ మొక్కుకు అది చాలు. జాతర ముందు బెల్లం దుకాణానికి వెళ్ళాం. బయట పెద్ద కాంటా, దాని ముందు వరస. ఒక్కొక్కరు ఎక్కుతుంటే దుకాణదారు అంకె గట్టిగా చదువుతున్నాడు. మా వంతు రాగానే అక్క ఆగిపోయింది.

"ఎక్కవే, ఎనక మంది ఉన్నరు."

"నేనెక్క. దొంగతనంగ తినలేదని చెప్పు, అప్పుడెక్కుత."

"నలుగుట్ల గిదేం లొల్లే?"

"దొంగతిండని అన్నది గూడ నలుగుట్లనే గదనే."

వెనక నుంచి ఎవరో "జల్దీ కానియ్యుండ్రమ్మా" అన్నారు. అమ్మ చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, ఇందులో ఏముందన్నట్టు తనే కాంటా ఎక్కింది. దుకాణదారు అంకె చదివాడు.

"నాకంటె నువ్వే ఎక్కువున్నవ్!" అంది అక్క.

అమ్మది పొలంలో పనిచేసే ఒళ్ళు. ఊరంతా గట్టి మనిషి అన్నదే తప్ప లావని ఎవరూ అనలేదు. అమ్మ వంగి అంకెను తనే చూసుకుంది.

"కాంటా ఖరాబైనట్టున్నది."

"పొద్దటి సంది అందరికీ మంచిగనే ఉన్నది పెద్దమ్మా," దుకాణదారు నొచ్చుకున్నాడు.

అమ్మ దిగింది. "మేనత్తది కాదు, నా పోలికే," అని ఒప్పుకుంది. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, వరస మొత్తానికీ వినబడేలా అంది: "సకినాలు తినేది గీ కట్టెపుల్లనే. నాకెప్పుడో ఎరుకే. ఒంటికి పట్టదు, పోనీలే అని ఊకున్న. నా బిడ్డ దొంగతిండి తినలే."

జనమంతా నా ఎముకలను పరీక్షగా చూశారు. అక్క చెప్పులు విడిచి కాంటా ఎక్కింది.

"గట్టిగనే చదువన్నా," అంది.